ఇష్టపడే పోయిండా మా నాయన?

పాలమూరు వలస మాట ఎత్తితే చదువుకున్నోళ్లు మొదట అనే మాట ఒకటుంది: "ఎవరు పొమ్మన్నరు? ఇష్టపడే పోతరు గద!" మా స్టాఫ్ రూంలోనూ ఈ మాట వింటుంటాను. ఈ 'ఇష్టం' ఏమిటో విప్పి చూడాలె. మా మీద జరిగిన అన్యాయం సగం దాని కిందనే దాక్కున్నది.

మాది పాత పాలమూరు జిల్లా, నారాయణపేట దిక్కు మాదిగవాడ. గుంట భూమి లేదు. దసరా దాటినంక గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చేటోడు. ఆ పైసలు నాయన చేతిల నిలవకముందే పాత అప్పుకు పోయేటివి. నన్ను నాయనమ్మ దగ్గర విడిచి అమ్మానాయనలు పూనా, బొంబాయి దిక్కు పోయేటోళ్లు. కేబుల్ కాలువలు తవ్వుడు, రోడ్డు పని. కూలి లెక్క పని అయినంకనే. ఆ లెక్క మేస్త్రి పుస్తకంల ఉండేది. నాయనకు అక్షరం రాదు. నడుమ పని విడిచి వస్తే బాకీ ఇంటి మీదికి వచ్చేది. విడిచిపెట్టే వీలు లేని పనిని ఇష్టమని ఎట్లంటం?

1947లో 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో అంబేద్కర్ ఈ ప్రశ్నే అడిగిండు. పని లేనోనికి పని చూపించి, బదులుగా హక్కులు వదులుకొమ్మంటే వాడు దేన్ని ఎంచుకుంటడు? 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు కూడా ఆకలి, పేదరికం చేసే ఒత్తిడి నిర్బంధమేనన్నది. కనీస వేతనం కన్న తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని తేల్చింది. అంతకుముందే, 1979 చట్టం, రాష్ట్రం దాటి పోయే కూలీకి నెల కూలిలో సగం గాని 75 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది, తిరిగి పట్టుకోకుండా ఇయ్యాలన్నది. మా వాడల ఆ పేరు మీద పైస అందుకున్నోళ్లను నేను చూడలేదు.

వలసను ఒట్టి ఏడుపుగా రాయడం కూడా నాకు ఇష్టం లేదు. "ఆడ హోటల్ల మనకు వేరే గ్లాసు ఉండది బిడ్డా" అని నాయన సంబురంగా చెప్పేటోడు. ఊరు విడుచుడంటే ఆ గ్లాసును విడుచుడు కూడా. కాని మేస్త్రి మా ఊరి పెద్దకులపోడే. పని కాడ గుడిసెలేసినా మావోళ్లవి చివరి వరుసలనే. ఊరు కూడా వెంట పోయింది.

హెచ్-1బి మీద అమెరికా పోయినోళ్లదీ గడువున్న కొలువే. వాళ్లు బిడ్డను అమ్మమ్మ దగ్గర విడిచిపోతే త్యాగమంటరు. మా అమ్మ విడిచిపోతే బాధ్యత లేదంటరు. విడిచిన దుఃఖం ఇద్దరిదీ ఒకటే. వద్దనగల శక్తి మాత్రం ఒకటి కాదు. ఇష్టాన్ని కొలవాలంటే మూడు అడగాలె: వద్దనగలడా? నడుమ తిరిగి రాగలడా? లెక్క తన చేతిల ఉన్నదా?

మొదటి రెండూ నా ఒక్కని చేతిల లేవు. భూమి కావాలె, సంఘం కావాలె. మూడోదానికి మాత్రం లెక్కల పీరియడ్ ఉన్నది. మా పిల్లలతో అడ్వాన్సు, కోత, బాకీ లెక్కలు వేయిస్తున్న. దసరా తర్వాత కొందరు బడికి రారు. పోయే ముందు ఆ లెక్క నేర్చుకొని పోవాలె.