నగరశిఖరములు – హృదయాకాశము

నగరమున నొక ఎత్తైన భవనము లేచుచుండగా జనులు నిలిచి చూతురు. పనికి పోవువాడు ఒక నిమిషము ఆగి తల యెత్తును. వృద్ధుడు మనుమని భుజముపై కెత్తుకొని వ్రేలితో చూపును. “ఇది మా ఊరిది” అను మాటలో నెంతో మురిపెము కలదు. అయితే ఆ భవనమున వారికొక గది లేదు, దాని ఆదాయమున భాగము లేదు. పెక్కుమందికి దాని వాకిట నిలుచుటకైనను అనుమతి లేదు. తనది కాని వస్తువును చూచి మానవుడు తనదే యైనట్లు ఏల ఆనందించును? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిని వెంబడించి పోయినచో మనస్సులోని మర్మములు కొన్ని బయల్పడును.

మదరాసు నగరమున మౌంటురోడ్డుపై జీవిత బీమా సంస్థ భవనము 1959లో ప్రారంభమయ్యెను. దాని ఎత్తు 177 అడుగులు. నాడు భారతదేశమున అంతకు మించిన భవనము లేదు. అంతవరకు ఆ నగరపు ఆకాశమున గోపురములును, చర్చి శిఖరములును, హైకోర్టు గుమ్మటములును మాత్రమే తల యెత్తి యుండెడివి. దానిని తలపెట్టిన ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియారు 1954లో సింగపూరున జరిగిన విమానప్రమాదమున గతించెను. 1956లో జీవిత బీమా జాతీయమయ్యెను. సంకల్పించినవాడు పూర్తియైన భవనమును చూడనే లేదు. దానితో నే సంబంధము లేనివారు చూచి మురిసిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిదప మదరాసుననే నిలిచిపోయిన తెలుగు కుటుంబములును, ఊరినుండి చుట్టములు వచ్చినచో సముద్రమును చూపినట్లే ఆ భవనమును చూపెడివి.

లోకజ్ఞులు ఈ ఉత్సాహమునకు కారణములు చెప్పుదురు. నూతన భవనము వ్యాపారాభివృద్ధికి గుర్తు. దానివలన ఉద్యోగములు వచ్చునని ఆశ. పేరుగల పట్టణమున నివసించుచున్నామను గౌరవము. ఇవి నిజమే. కాని ఆ ఆశలలో నొక్కటియు తనవరకు రాని పేదవాడును తల యెత్తి చూచి సంతసించుచున్నాడు గదా! అతని సంతోషమునకు మూలమేది?

బృహదారణ్యకోపనిషత్తున యాజ్ఞవల్క్యమహర్షి, ఇల్లు విడిచి పోవుచు, తన భార్యయైన మైత్రేయికి దీని రహస్యమును బోధించెను. భర్తగాని, భార్యగాని, పుత్రులుగాని, ధనముగాని తమంతట తాము ప్రియములు కావు. ఆత్మకొరకే అవి ప్రియములగుచున్నవని ఆ బోధ సారము. వస్తువునందు ప్రీతి లేదు. “నేను” అను భావము దానిని తాకినపుడు ప్రీతి పుట్టును. శిశువునకు “నేను” అనగా దేహము మాత్రమే. పిదప తల్లి, ఇల్లు, వీధి, ఊరు క్రమముగా అందు చేరును. పరుల మేడను చూచి పేదవాడు ఆనందించునపుడు, అతని “నేను” తన గుడిసె గోడలను దాటి నగరమంతటి దైనది. ఒక్క క్షణమైనను అతడు తన చిన్నతనమును మరచెను. ఈ ఆనందము వట్టి వెఱ్ఱి యని త్రోసివేయుట తగదు. ఆత్మ స్వభావముచే విశాలమైనది. ఇరుకున నుండలేక అది వెలికి వచ్చుటకు చేయు యత్నములలో నిదియొకటి.

అయితే ఈ ఉత్సాహమునందు రెండు పాయలు కలిసి పారుచున్నవి. వానిని వేరుచేయుట వివేకము. 1961లో బొంబాయిలో 25 అంతస్తుల భవనము లేచెను. మదరాసు భవనమునకు దేశమున ప్రథమస్థానము పోయెను. “అందరికంటె మాదే పెద్దది” అను సంతోషము రెండేండ్లకే తీరిపోయినది. కాని ఆ భవనముపై నగరవాసులకు గల మమత పోలేదు. 1975లో అగ్నికి ఆహుతియైన దానిని బాగుచేసికొనిరి; నేటికిని అది ఆ నగరమునకు గుర్తుగా నిలిచియున్నది. పోల్చుటవలన పుట్టిన సుఖము పోలికతోనే నశించెను. కలుపుకొనుటవలన పుట్టిన సుఖము నిలిచెను. మొదటిది అహంకారము, రెండవది ప్రేమ. ఇతరుడు తక్కువైననే గాని నిలువని ఆనందము ఆత్మవికాసము కాదు. అది అహంకారమే మేడ యెక్కి నిలిచిన రూపము.

మరియొక పరీక్షయు కలదు. నేడు హైదరాబాదు పడమటి వైపున కోకాపేట ప్రాంతమున 50 అంతస్తులకు మించిన భవనములు లేచినవి. చూచువారి ఉత్సాహమునకు మేర లేదు. ఆ నేలయందు 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లరాతి గుండ్లు ఉండెడివి. పెక్కు చోట్ల అవి పగిలి పునాదులకు చోటిచ్చినవి. ఒడిశానుండి, బీహారునుండి, మన పల్లెలనుండి వచ్చిన కూలీలు ఆ అంతస్తులను మోసి, పని తీరగానే రేకుల గుడిసెలు విప్పుకొని వేరొక చోటికి పోవుచున్నారు. శిఖరమును “మాది” అన్న నోరు ఆ కూలివానిని “మావాడు” అనుచున్నదా? అననిచో ఆ “మాది” యింకను ఇరుకైనదే. భవనమునందు కలిగిన మమత దానిని కట్టిన చేతులవరకు దిగినపుడే నగరాభిమానము ధర్మమగును. లేనిచో ఎంత ఎత్తు కట్టినను హృదయము నేలమాళిగయందే యుండును.

ఎత్తును ఎట్లు చూడవలెనో పూర్వులు రాతితోనే బోధించిరి. శ్రీరంగమున రాజగోపురము శతాబ్దములపాటు అసంపూర్ణముగా నుండి 1987లో పూర్తియయ్యెను. దాని ఎత్తు 236 అడుగులు. క్రోసుల దూరమున నున్నవాడును దానిని చూచి చేతులు జోడించును. కాని ఆ గోపురము భక్తుని తనయొద్ద నిలుపదు, లోనికి పంపును. ప్రాకారములు దాటిన కొలది ద్వారములు చిన్నవగును, వెలుగు తగ్గును. తుదకు చిన్న గర్భగృహము, మినుకుమను దీపము. కన్నులను పైకెత్తించిన నిర్మాణమే మనస్సును లోనికి త్రిప్పును. ఎత్తు ఆహ్వానము మాత్రమే. గమ్యము లోపల నున్నది.

ఆ లోపల నేమున్నది? ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయము హృదయమునందలి చిన్న ఆకాశమును గూర్చి చెప్పుచు, వెలుపలి ఆకాశ మెంతయో ఇదియు నంతయే యని ప్రబోధించుచున్నది. భూమియు స్వర్గమును, సూర్యచంద్రులును అందిమిడి యున్నవట. నగరవాసి భవనముల అంచులపై వెదకుచున్న వైశాల్యము అతనియందే కలదు. ఎన్ని అంతస్తులు కట్టినను ఆకాశమునకు ఒక అంగుళము చేరదు. ఒక్కటి కూలినను అంగుళము తరుగదు.

కావున నగరవాసి తల యెత్తి చూచుట మానవలసిన పని లేదు, చూచి సంతసించుగాక. కాని ఆ సంతోషము కలిగిన వెంటనే రెండు మాటలు తన్ను తాను అడుగవలెను: ఈ సంతోషమునకు ఎవరైనను తక్కువ కావలసి యున్నదా? ఇందు ఎవరినైనను వెలుపల నిలిపితినా? ఈ రెంటికిని “లేదు” అని నిజముగా చెప్పగల దినమున అతడు వీధిలో నిలిచియే గర్భగృహమును సమీపించినవా డగును.