ఏడు చక్కర్లు

స్విఫ్ట్ అనగానే మనకి కారే గుర్తొస్తుంది. నేను చెప్పేది పిట్ట సంగతి. గోల్కొండ కమానుల దగ్గర సాయంత్రాలు కీచుమంటూ తిరిగే, నడుం మీద తెల్ల మచ్చ ఉండే లిటిల్ స్విఫ్ట్.

షట్టర్ 1/3200 పెట్టినా ఫోకస్ అందేలోపే ఫ్రేమ్ దాటిపోతుంది. ఇంటికొచ్చి చూస్తే కార్డు నిండా ఖాళీ ఆకాశాలు. దాని కాళ్లు కొమ్మ మీద వాలడానికి పనికిరావు, గోడ పట్టుకుని వేలాడటానికే. యూరప్‌లో గూడు కట్టే దాని చుట్టం కామన్ స్విఫ్ట్ పది నెలలు వాలకుండా ఉండగలదని 2016లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. అలాంటి జాతి వేగం తగ్గించేది గూటి దగ్గరే. ఈకలూ గడ్డిపరకలూ ఉమ్మితో అతికించిన గూడు.

అంటే నాకు షార్ప్ ఫొటో దొరికేదీ అక్కడే.

మొన్న గూటి కింద నిలబడ్డాను. గొంతు నిండా పురుగులతో వచ్చింది, నన్ను చూసి తిరిగిపోయింది. అలా ఏడుసార్లు. లోపల పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. ఎనిమిదోసారి దొరికింది, కంటి మెరుపుతో సహా. నేను తీసినవాటిలో ఇదే బెస్ట్.

చూడటం వల్ల ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ణి. ఈ ఫొటోకి ‘ఎగురుతున్న స్విఫ్ట్’ అని పేరు పెడితే అబద్ధం కాదు. కానీ అది ఎగిరింది నన్ను తప్పించుకోడానికి. పోస్ట్ చెయ్యలేదు. డిలీట్ చేస్తే మాత్రం ఆ ఏడు చక్కర్లు వాపసొస్తాయా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఈ లాజిక్ నాకే నమ్మబుద్ధి కావట్లేదు.