నాలుగు నట్ల కారు

1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఎదురైతే, తెలిసినవాళ్లు బానెట్ ఎత్తమని అడగరు. వంగి చక్రానికి ఎన్ని నట్లున్నాయో లెక్కపెడతారు. నాలుగుంటే ఆరు సిలిండర్ల ఇంజను, ఐదుంటే వి8. తేలిక ఇంజనుకి తేలిక సామాను చాలని కంపెనీ చేసిన ఏర్పాటు, అరవై ఏళ్లు గడిచేసరికి అంతస్తు గుర్తయి కూర్చుంది.

అందుకే నాలుగుని ఐదు చేయించుకునే ముచ్చట. న్యాయమైన కారణాలూ లేకపోలేదు. ఐదు నట్ల చక్రాలు రకరకాలుగా దొరుకుతాయి. పెద్ద ఇంజను పెడితే పాత ఇరుసు ఆ జోరుకి ఆగదు.

ఇలాంటి మాట వచ్చిందంటే మనలాంటి చదువరులం వెంటనే థీసియస్ ఓడని తెచ్చేస్తాం. పలకలన్నీ మార్చాక అది పాత ఓడేనా అన్న తగువు ప్లూటార్క్ రాసిపెట్టిందే. మంచి ప్రశ్నే. కానీ అది ఓడ పేరు గురించిన ప్రశ్న. ఓడలో కూర్చున్నవాళ్ల ఊసు అందులో లేదు.

వెనక ఇరుసు దగ్గరికొస్తే ఆ లోటు తెలుస్తుంది. ఈ కారులో ఇరుసు షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, బరువూ మోస్తుంది. దాని చివర బిళ్లలాంటి ఫ్లాంజ్, దానికి స్టడ్లు. నాలుగైనా ఐదైనా స్టడ్ల వలయం వ్యాసం ఒక్కటే, 114.3 మిల్లీమీటర్లు. ఇంకేం, పాత ఫ్లాంజ్‌కే కొత్త కన్నాలు వేసేస్తే పోలా అనిపిస్తుంది. పాత కన్నం ఒకటి ఉంచుకుని మిగతా నాలుగూ కొత్తగా వేశామనుకుందాం. 90 డిగ్రీల దగ్గరున్న పాత కన్నం పక్కన, 72 డిగ్రీల దగ్గర కొత్తది పడుతుంది. రెండింటి కేంద్రాల మధ్య దూరం సుమారు 18 మిల్లీమీటర్లు. అరంగుళం స్టడ్ అయితే కన్నమే 13 తినేస్తుంది. మిగిలే ఉక్కు 5 మిల్లీమీటర్లు. పోనీ ఐదూ కొత్తగానే వేద్దామంటే, ఎటు తిప్పినా ఏదో ఒక కన్నం పాతదాంట్లోకి చొచ్చుకుపోతుంది.

దానిమీద బ్రేకు డ్రమ్ము, ఆపైన చక్రం. ఇక ఎవరికీ కనబడదు.

సరైన పద్ధతి ఖరీదైనది: వి8 కారు ఇరుసు మొత్తం తెచ్చి బిగించడం. ఆరు సిలిండర్లదానిలో క్రౌన్ వీల్ ఏడుంపావు అంగుళాలు, వి8దానిలో ఎనిమిది.

ఇప్పుడు ఇద్దరిని ఊహించండి. ఒకాయన ఇరుసు మొత్తం మార్చి, వి8 బిళ్ల అతికించి, పుట్టినప్పట్నుంచీ ఇది వి8 అని కోస్తాడు. ఇంకొకాయన కన్నాలు వేయించి, కొనడానికొచ్చినవాడికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ఎవరిది పెద్ద తప్పు?

నేనైతే అబద్ధాలకోరు కారే ఎక్కుతాను. అతను మోసం చేసేది కొనేవాడి డబ్బుని. అదీ కారు సీరియల్ నంబరులో ఐదో అక్షరం చూస్తే బయటపడుతుంది: అక్కడ టి ఉంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజనే. రెండోవాడి నిజాయితీ కొనేవాడిదాకా వెళ్లి ఆగిపోతుంది. వెనక సీట్లో పిల్లలకి చెప్పాడా? ఊడిన చక్రం దొర్లే దారిలో సైకిలు తొక్కుతున్నవాడికి? వాళ్లనెవరూ ఒప్పుకుంటారా అని అడగలేదు. "నా కారు, నా ఇష్టం" అనేవాళ్లు ఆ సైకిలువాణ్ణి ఎక్కడ ఉంచుతారో నాకు అంతుపట్టదు.