పైకి వెళ్ళే మాటకు గీతల్లేవు

పుష్యమాసంలో ఘాటి సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవానికి వెళ్ళినవాళ్ళను ఎవరినైనా అడగండి. తేరు కదిలే వేళకు చేతిలో ఫోను నిండుగా గీతలు చూపిస్తుంటుంది, కాల్ మాత్రం కలవదు. తప్పిపోయిన పిల్లవాడి కోసం ఒకరు, చెప్పుల దగ్గర నిలబెట్టి వచ్చిన అత్తగారి కోసం ఒకరు, ఫోను చెవికి ఆనించుకుని అరుస్తుంటారు. కర్ణాటకలోని మా దొడ్డబళ్ళాపురం నుంచి ఘాటి ఎంతో దూరం కాదు, ఏటా వెళ్తాం. ‘‘ఫుల్ సిగ్నల్ ఉంది కదా, పోదేం?’’ అని అక్కడి జనం తెలుగులోనూ కన్నడలోనూ ఒకే తిట్టు తిట్టుకుంటారు.

నిజానికి ఆ గీతలు అబద్ధమాడవు. మనం అడిగింది ఒకటి, అవి చెప్పేది ఇంకొకటి. ఎవరు మాట్లాడినా మానినా, టవరు తానున్నానన్న గుర్తును ఆగకుండా పంపుతూనే ఉంటుంది. ఫోర్‌జీ ఫోను గీతల కోసం ముఖ్యంగా కొలిచేది ఆ గుర్తు తనకెంత గట్టిగా అందుతోందన్నదే. అదే టవరు మీద ఆ క్షణాన ఎన్ని ఫోన్లు ఎగబడుతున్నాయో గీతకు పట్టదు. మా తమ్ముడి కొడుకు టవర్ల మెయింటెనెన్సు పనిలో ఉన్నాడు. ‘‘పెదనాన్నా, అసలు లెక్క మైనస్‌లో ఉంటుంది. మైనస్ 85 అంటే భేషు, మైనస్ 105 అంటే నీరసం. నువ్వు చూసే గీతలకు ఐఎస్ఐ మార్కేమీ లేదు’’ అన్నాడు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడ్డానికి ఇరవై, బలంలో వంద రెట్లు. మైనస్ 100 అంటే వాటులో పది లక్షల కోట్లో వంతు. అంత సన్నని దాన్ని పట్టుకుని మనిషి గొంతు వినిపించే యంత్రాన్ని నేను తక్కువ చేయను. ఏ అంకెకు ఎన్ని గీతలు వేయాలన్నది మాత్రం ఫోను చేసినవాడి ఇష్టం, నెట్‌వర్కువాడి ఇష్టం.

ఇష్టమంటే ఎంత ఇష్టమో 2010లో లోకమంతా చూసింది. ఐఫోన్ 4 కొత్తగా వచ్చింది. ఒక మూల చెయ్యి తగిలేలా పట్టుకుంటే గీతలు పడిపోతున్నాయని గోల మొదలైంది. జులై 2న ఆపిల్ కంపెనీ బహిరంగ లేఖ రాసింది. గీతలు లెక్కగట్టే సూత్రమే పూర్తిగా తప్పని, రెండు చూపాల్సిన చోట ఒక్కోసారి నాలుగు చూపిస్తున్నామని ఒప్పుకుంది. సరిచేస్తామంది. పనిలో పనిగా మొదటి మూడు గీతలనూ కాస్త పొడుగు చేస్తామని, బాగా కనబడతాయని అదే లేఖలో చెప్పింది. ఆ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. ఆండ్రాయిడ్‌లోనైతే, లెక్కకు వచ్చిన గీతలకు ఇంకొకటి కలిపి చూపించమని నెట్‌వర్కు కంపెనీ కోరుకోగలిగే ఏర్పాటు ప్రోగ్రాంలోనే ఉంది.

మాది మగ్గాల ఇల్లు. దేవాంగులం, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. పవర్‌లూం మీద ఒక పక్కన చిన్న ఇనప ఫోర్కు ఉంటుంది. నాడె పరిచిన పేక దారం ఉంటే ఆ దారమే ఫోర్కును వెనక్కి ఒరగేస్తుంది, మగ్గం ఆడుతూ ఉంటుంది. దారం తెగిందా, ఫోర్కు కాళ్ళు ఎదురుగా ఉన్న ఇనప సందుల్లోకి దూరిపోతాయి, మగ్గం టక్కున ఆగిపోతుంది. ఫోర్కు దారాన్ని తాకి చెబుతుంది. చీర యజమాని మనసు నొచ్చుకుంటుందని ఒక పేక కలిపి చెప్పదు. గుర్తు అంటే ఇలా ఉండాలని నా పట్టుదల. ఈ పట్టుదలతోనే గుళ్ళోకి వెళ్ళినప్పుడు చిక్కు వచ్చి పడింది.

ఘాటిలో ఒకే విగ్రహానికి తూర్పు ముఖంగా ఏడు పడగల సుబ్రహ్మణ్యుడు, పడమటి ముఖంగా నరసింహస్వామి. భక్తులకు ఎదురుగా ఉండేది సుబ్రహ్మణ్యుడే. వెనకవైపు ఉన్న నరసింహుణ్ణి చూడాలంటే, గర్భగుడిలో వెనక అమర్చిన అద్దంలో చూడాలి. తరతరాలుగా మా వాళ్ళు నరసింహుడి దర్శనం అయిందంటే అద్దంలో అయిందనే అర్థం. అద్దంలోది స్వామి కాదు. కుడి ఎడమలు తారుమారైన ఒట్టి వెలుగు. దాన్ని తాకితే గాజు తగులుతుంది. మరి ఆ నమస్కారం ఎవరికి చేరింది?

పధ్నాలుగో శతాబ్దపు విద్యారణ్యుల పేర ఉన్న పంచదశిలో, ధ్యానదీపమనే ప్రకరణం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. మా నాన్న కొన్న తెలుగు టీకా ప్రతి ఇప్పటికీ జరీ కండెల అలమరలోనే ఉంది. దూరాన రెండిళ్ళ వాకిళ్ళలో వెలుగు పడుతోంది. ఒక ఇంట్లో ఉన్నది మణి, ఇంకో ఇంట్లో దీపం. ఇద్దరు మనుషులు, చెరో వెలుగునూ మణే అనుకుని పరుగెత్తారు. వెలుగు మణి కాదు కాబట్టి ఇద్దరూ పొరబడ్డవాళ్ళే. అయినా ఒకడికి మణి దొరికింది, ఒకడికి దొరకలేదు. దొరికినవాడి భ్రమకు సంవాది భ్రమ అని పేరు. ఉపాసన అలాంటిదంటారు విద్యారణ్యులు. తర్కశాస్త్రంవాళ్ళూ ఇంచుమించు ఇదే దారిలో వస్తారు: నీళ్ళు కనబడ్డాయన్న జ్ఞానం సరైనదో కాదో, వెళ్ళి తాగితే తేలుతుందని. మీమాంసకులు ఒప్పుకోరు. అబద్ధమని తేలేదాకా ప్రతి జ్ఞానమూ నిజమేనంటారు. మా ఇంటావిడ పుట్టు మీమాంసకురాలు. గీతలు ఉంటే సిగ్నల్ ఉన్నట్టే.

ఈ కొలతతో చూస్తే నా ఫోర్కు పట్టుదల కాస్త సడలింది. అద్దంలోని బొమ్మ అబద్ధమే కావచ్చు, ఆ అబద్ధానికి వెనక స్వామి ఉన్నాడు. పొద్దున్నే మా వీధిలో కనిపించే నాలుగు గీతలు మణి వెలుగు, బెంగళూరు చిక్కపేట సేటుకు ఫోను ఇట్టే కలుస్తుంది. రథం నాడు కనిపించే నాలుగు గీతలు దీపం వెలుగు. గీతలు అవే, పొడుగు అదే. పరుగెత్తక ముందు ఆ గీతల్ని చూసి తేడా చెప్పే ఉపాయం మన దగ్గర లేదు. నా కోపం మిగిలింది ఒక్కరి మీదే: దీపమని తెలిసీ వత్తి ఎగదోసేవాడి మీద. అద్దం పెట్టినవాడు అద్దమని చెప్పే పెట్టాడు.

ఇంతకన్నా నన్ను పట్టి పీడించేది ఇంకొకటి ఉంది. టవరు పదుల వాట్లతో మాట్లాడుతుంది. మన ఫోను తిరిగి పలికేది ఎంత గట్టిగా అరిచినా వాటులో అయిదో వంతు. టవరు చెవులు చురుకైనవి కాబట్టి మామూలుగా గడిచిపోతుంది. ఊరి చివర, మాకళిదుర్గం లాంటి కొండల చాటున తేలిపోతుంది: అవతలివాళ్ళు మనకు వినిపిస్తారు, మనం వాళ్ళకు వినబడం. ఫోను మీది గీతలు మనకు ఎంత వినిపిస్తోందో చెబుతాయి, మనం ఎంత వినబడుతున్నామో చెప్పవు. గుడిలోనూ అంతే కదా. గంటలు, హారతి, అలంకారం, మైకులో సుప్రభాతం, అటునుంచి వచ్చేదానికి ఏ లోటూ లేదు. మనం పెదవులు కదిలీ కదలకుండా చెప్పుకున్న మొర ఎక్కడిదాకా వెళ్ళిందన్నదానికి గీత ఏది?

అందుకే కాబోలు కన్నడ సీమలో పువ్వు అడిగే ఆచారం పుట్టింది. విగ్రహం మీది పువ్వు కుడివైపు రాలితే స్వామి విన్నట్టు లెక్క. తడి ఆరితే ఏ పువ్వయినా రాలుతుంది కదా అని నాలోని ఫోర్కు అంటుంది. మా చెల్లెలు సంతానం కోసం నాగప్రతిష్ఠ చేయించింది, పువ్వూ అడిగింది. కుడివైపే రాలింది. పిల్లలు మాత్రం కలగలేదు. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి, గుడికి వెళ్ళడం మానలేదు. ఒకసారి ఉండబట్టలేక, ‘‘పువ్వు అబద్ధం చెప్పినట్టేనా?’’ అని అడిగేశాను. ‘‘విన్నానని చెప్పిందన్నా పువ్వు. ఇస్తానని ఎప్పుడు చెప్పింది?’’ అంది, చాటలో బియ్యం చెరుగుతూనే. తర్కం నేర్చినవాళ్ళెవరూ నాకింత సూటిగా చెప్పలేదు. మణి దొరికితేనే భ్రమ సంవాది అనే విద్యారణ్యుల కొలతా ఆమె దగ్గర పనిచేయదు. ఆమె మణి కోసం పరుగెత్తలేదేమో.

గీతల మీద కోపంతో, అసలు అంకె చూపించే యాప్ ఒకటి ఇంటి ఫోన్లో వేశాను. వారం కూడా నిలవలేదు. ‘‘ఏమండీ, ఏ పూట చూసినా మైనస్సేనా? మగ్గాల మీద అప్పులున్న ఇల్లు, ఇదొకటి తక్కువైందా? నా గీతలు నాకు పెట్టండి’’ అంది మా ఆవిడ. తీసేశాను.