ఓడే ముక్కలు చేతికి వచ్చినప్పుడు



శింగనమల వైపు పల్లెల్లో ఏప్రిల్, మే నెలల్లో మెట్టచేలో పని ఉండదు. వేపచెట్టు కింద కండువా పరిచి నలుగురైదుగురు పేకకు కూర్చుంటారు. పదమూడు ముక్కలాట, పాయింటుకు రూపాయి. “కాలక్షేపం ఫాదరూ, ఇందులో పాపమేముంది?” అని అడుగుతారు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా.

శ్రీసభ 1992లో వెలువరించిన సత్యోపదేశం ఈ విషయంలో చాలామంది అనుకున్నంత కఠినంగా లేదు. పేకాట, పందెం దానంతట అదే అన్యాయం కాదంటుంది. మనిషి తనకూ, తన మీద ఆధారపడినవారికీ అవసరమైనదాన్ని పోగొట్టుకున్నప్పుడు అది తప్పవుతుందని, ఆ వ్యసనం మనిషిని బానిసగా చేయగలదని హెచ్చరిస్తుంది. అంటే కొలబద్ద చెట్టు కింద లేదు, ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది.

ఆట తెలియని అమ్మలకోసం నాలుగు మాటలు. పదమూడు ముక్కలు పంచుతారు. ఒకే రంగులో మూడు ముక్కలైనా వరుసగా కుదిరి, అందులో జోకర్ లేకుండా ఉండాలి. అది లేకపోతే చేతిలో మిగతావి ఎంత బాగున్నా లెక్కకు రావు. ఇప్పుడు మీకు ఆఠీను రాజు, కళావరు రాణి, ఇస్పేటు జాకీ, జతలేని రెండు ఆసులు వచ్చాయనుకోండి. ఒక్క జోకర్ లేదు. ముక్క ఎత్తకముందే స్కూట్ అని పడేస్తే ఇరవైతో పోతుంది. మధ్యలో పడేస్తే నలభై. చివరిదాకా పట్టుకుని కూర్చుంటే, ఎదుటివాడు షో చెప్పిననాడు ఎనభై. పరదేశపు పోకర్ ఆటలోనూ ఇదే కిటుకు. చెడ్డ ముక్కలు వచ్చినవాడు ఓడిపోవడం వింత కాదు. ఎంతతో ఓడిపోతాడనేది మాత్రం అతని చేతిలో ఉంది.

ఆటగాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. అయినా పడేయరు. “ఇంకొక్క ముక్క చూద్దామన్నా” అంటారు. ఆ మాటలో ఆశ కంటే రోషం ఎక్కువ. నలుగురి ముందు ఓటమి ఒప్పుకోవడం ఇరవై రూపాయలకంటే బరువనిపిస్తుంది, అందుకే ఎనభై కడతారు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు ప్రభువు ఒక రాజును గూర్చి చెబుతారు. అతని దగ్గర పదివేలమంది సైనికులున్నారు, ఎదురు వస్తున్నవాడి దగ్గర ఇరవైవేలు. ముందు కూర్చుని ఆలోచించుకోడా, గెలవలేనని తోస్తే శత్రువు ఇంకా దూరంగా ఉండగానే సంధికి మనుషుల్ని పంపుకోడా అని ప్రభువు అడుగుతారు. ఆ రాజును పిరికివాడని అనలేదు. ప్రభువు అక్కడ చెబుతున్నది పేకాట గురించి కాదు, తన వెంట రావడానికి చెల్లించవలసిన వెల గురించి. అయినా “దూరంగా ఉండగానే” అన్న సంగతిని గమనించండి. సంధికి ఒక సమయం ఉంటుంది, అది దాటిపోతుంది.

ఇక్కడ ఒక సామాన్యమైన మాటను కాదనాలి. అనంతపురం సేద్యమే పెద్ద జూదమని పత్రికలూ రాస్తాయి, మన రైతులూ అంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, తూర్పుతీరపు వానలు ఇంతదూరం రావడం తక్కువ. తొలకరికి శెనక్కాయ విత్తుతారు, ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తుంది. చూడటానికి జూదంలాగే ఉంటుంది. కాని జూదంలో ఒకడి గెలుపు ఇంకొకడి జేబులోంచి రావాలి. చేను పండితే ఎవడి ఇల్లూ గుల్ల కాదు. పైగా విత్తిన రైతుకు స్కూట్ అనే అవకాశమే లేదు, గింజ మట్టిలో పడిపోయింది. అతణ్ణి జూదగాడు అనడం అన్యాయం.

“దేవుడు మనకు పంచిన ముక్కలు ఇంతే” అనే మాట కూడా నాకు రుచించదు. పుట్టుగుడ్డిని చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే తోసివేశారు, అతని కళ్లకు చూపునిచ్చారు. కరువును దేవుని చేతిపంపకం అనేవాళ్లు చెరువు పూడిక తీయడానికి లేవరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిమీద వచ్చిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడేదని, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పును అడ్డుపెట్టుకుని చాలా వ్యాపారం నడిచింది. ఫోనులో ఆడే రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ 2025లో కేంద్రం నిషేధించింది. మంచిదే. చెట్టుకింద ఆటలో కనీసం “లే బావా, ఇంటికి పో, పొద్దుపోయింది” అనేవాడు ఒకడుంటాడు. ఫోనులో ఆ బావ లేడు. అర్ధరాత్రి దుప్పటి కింద ఎనభై మీద ఎనభై పోతున్నా ఎవరికీ తెలియదు.

సిలువ కింద సైనికులు ప్రభువు అంగీకోసం చీట్లు వేసుకున్నారు. గెలిచినవాడికి కుట్టులేని అంగీ దక్కింది.

తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి ఎంత పోగొట్టావని అడగలేదు. మన ఇళ్లలో భార్య అడగక తప్పదు, ఆమె అడగాలి కూడా. పొదుపు సంఘం కంతు కట్టేది ఆమె. నా మనవి ఒక్కటే: ఓడి వచ్చినవాడికి ముందు అన్నం పెట్టండి. లెక్క రేపు ఉదయం, పిల్లలు బడికి వెళ్లాక, ఇద్దరూ కూర్చుని చూడండి. విత్తనాలకని దాచిన డబ్బులో ఎంత మిగిలిందో తేలాలి, జూన్ దగ్గరకొస్తోంది.