పేరులేని బటన్

వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకునే ఇల్లాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? రెండో అరలో ఎడంపక్క మూడోది కందిపప్పు, దాని వెనకది మినప్పప్పు. చెయ్యి దానంతటదే పోతుంది. పేరు అవసరం పడేది మనం నాలుగు రోజులు ఊరెళ్ళినప్పుడు. అప్పుడు ఆయనగారు ఫోను చేసి "ఏమోయ్, పంచదార ఎక్కడ?" అంటారు. తెలిసినవాళ్ళకి పేరుతో పనేముంది? అది తెలియనివాళ్ళ కోసం.

ఫోను తెరల సంగతీ అంతే. ఒకచోట తోపుడుబండి బొమ్మ, ఒకచోట గుండె బొమ్మ, ఇంకోచోట మూడు గీతలు. చూపున్నవాళ్ళకి అవే చాలు. చూపులేనివాళ్ళు వాటిని చెవులతో వాడతారు. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ 2006లో మొదలుపెట్టి, మిత్రుడు జేమ్స్ టేతో కలిసి పెంచిన ఎన్.వి.డి.ఎ. కంప్యూటర్లకి అలాంటిదే. ఇద్దరూ చూపులేనివారే. దాన్ని ఉచితంగా ఇచ్చారు కూడా. కానీ అది చదవాలంటే బొమ్మ వెనక పేరుండాలిగా! తయారుచేసినవాడు రాయకపోతే "బటన్" అని ఊరుకుంటుంది. పక్కది? "బటన్." ఆ పక్కది? అదీ "బటనే". వాటిలో ఒకటి డబ్బు కట్టేది, ఒకటి ఆర్డరు రద్దు చేసేది.

పేర్లు రాయండి బాబూ అని డబ్ల్యు3సి అనే సంస్థ 1999లోనే నియమావళి వేసింది. మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇన్నేళ్ళూ చాలామంది జవాబు ఒక్కటే: వచ్చే నెల చూద్దాం.

ఇప్పుడు తీరిక దొరుకుతోంది. ఎవరి కోసమో తెలుసా? యంత్రం కోసం!

మనం ఒక మాట చెబితే మన బదులు తనే బటన్లు నొక్కి టికెట్టు కొనడం, ఫారం నింపడం చేసిపెట్టే ఎ.ఐ. ఏజెంట్లు వచ్చాయి కదా. వాటికి చేతులు కావాలి. మైక్రోసాఫ్ట్ వారు 2025లో ప్లేరైట్ ఎమ్.సి.పి. పేరుతో అలాంటి చేతుల్ని విడుదల చేశారు. ఏ పనిముట్టు ఏం చేస్తుందో, దానికి ఏమేం చెప్పాలో వివరించే రాత వాటితోపాటే ఉంటుంది. ఆ రాత మనతోపాటు ఏజెంటూ చదువుకుంటుంది కనక, కొత్త కోడలికి మడి నియమాలు చెప్పినంత జాగ్రత్తగా చెప్పారు. దేన్ని నొక్కబోతున్నావో మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి అనుమతి పుచ్చుకో అంటుంది ఒకచోట. ఇది ఊరికే చూసే పనిముట్టా, ఏదైనా మార్చేదా అన్నది ఒక్కొక్కదాని కిందా రాసి ఉంటుంది. (అల్మైరా దగ్గరికి వెళ్ళే పిల్లలకి కూడా ఇలా రాసిపెట్టగలిగితే ఎంత బాగుండును!) తెరని ఫొటో తీసే పనిముట్టు దగ్గర మరో హెచ్చరిక: ఫొటో పట్టుకుని పని చెయ్యడం కుదరదు, పని కావాలంటే తెరలోని వస్తువుల పట్టిక తీసుకో అని.

ఆ పట్టిక ఏమిటనుకున్నారు? చూపులేనివాళ్ళ సాఫ్ట్‌వేర్ చదువుకునే పేర్ల పట్టికే! వాళ్ళ కోసం పుట్టినదే. 2025 అక్టోబరులో ఓపెన్ఎఐ వారు అట్లాస్ అనే బ్రౌజరు తెచ్చినప్పుడు, మీ సైటు మా ఏజెంటుకి బాగా తెలియాలంటే ఆ పేర్లు సరిగ్గా రాయండని సైట్లవాళ్ళకి సలహా కూడా ఇచ్చారు. చూపులేని మనిషి అడిగితే దొరకని పేరు, యంత్రం అడిగితే దొరుకుతుందన్నమాట.

బాధపడాలా, సంతోషించాలా? ముందు సంతోషిద్దాం. గొప్పకోసం తవ్వించిన బావిలోనైనా నీళ్ళు చల్లగానే ఉంటాయి. ఒకరి సాయం అడక్కుండా కరెంటు బిల్లు కట్టుకోగలిగిన ఆవిడకి, ఆ పేరు ఎందుకు రాశారన్న విచారం దేనికి? ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ తర్వాత సంగతి గురించి. బేరం కోసం చేసిన మంచి బేరం ఉన్నంతకాలమే. తెర ఫొటో చూసే పనిచేసే ఏజెంట్లూ ఉన్నాయి. 2024 అక్టోబరులో ఆంత్రోపిక్ వారు చూపించినది ఆ రకమే. రేపు యంత్రాలన్నిటికీ చూపు కుదిరిందనుకోండి, పేర్లు రాసే చెయ్యి మళ్ళీ ఆగిపోదూ? లేకపోతే యంత్రానికి విడిగా దొడ్డిగుమ్మం పెట్టేస్తారు, వీధిగుమ్మం పాతకథే. పైగా యంత్రానికి "ఇ-15" అని గుర్తు ఇచ్చినా సరిపెట్టుకుంటుంది. మనిషికి "బిల్లు కట్టు" అని వినబడాలి.

అందుకే ఆ పేరు రాయడాన్ని దయ పద్దులోనూ, లాభం పద్దులోనూ కాక బాకీ పద్దులో వెయ్యాలంటాను. బాకీ తీర్చేటప్పుడు అవతలివాడు మనకి పనికొస్తాడా అని అడగం కదా. శుక్లాలు వచ్చిన అత్తగారో, కళ్ళద్దాలు మార్చినా అక్షరం ఆనని నాన్నగారో ఉన్న ఇంట్లో ఇది పరాయి గొడవ కూడా కాదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, మీరు రోజూ వాడే యాప్‌లో ఏదైనా కొనబోయి చూడండి. ఉత్త "బటన్" అని ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టండి. ఆపడం ఎలాగో మాత్రం ముందే కనుక్కుని ఉంచుకోండి. అది ఆన్‌లో ఉన్నంతసేపూ ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేగానీ పని జరగదు.