మెదడులో ఇనుము

ఇనుము రక్తానికే కాదు, మెదడులో డోపమైన్ తయారీకీ, నరాలను కప్పే మైలిన్ పొరకూ కావాలి. వయసు పెరిగేకొద్దీ అది మెదడులో పేరుకుంటుంది. మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ఉన్నవారిలో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మరి దాన్ని తీసేస్తే? ఎంతో ఆశపెట్టిన ఆలోచన అది. ఇనుమును బయటికి లాగే డెఫెరిప్రోన్ మందును, మెదడుకు వచ్చే మరో జబ్బైన పార్కిన్సన్స్ కొత్తగా బయటపడిన 372 మందితో చేసిన అధ్యయనంలో పరీక్షించారు. 2022లో ఫలితం వచ్చింది: మెదడులో ఇనుము తగ్గింది, జబ్బు లక్షణాలు మాత్రం ముదిరాయి. 2024లో వెలువడిన అల్జీమర్స్ అధ్యయనంలోనూ ఇదే మందు వేసుకున్నవారి మతి ఇంకా త్వరగా క్షీణించింది. జబ్బుపడిన మెదడుకూ ఇనుము అవసరమేనని నాకనిపిస్తుంది. ఇక రక్తం మాటకొస్తే, మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 సర్వేలో తేలింది. అమ్మలారా, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలను మతిమరుపు భయంతో మానకండి. పెద్దలు జ్ఞాపకశక్తి కోసమని సొంతంగా వాటిని మొదలుపెట్టకండి, ముందు ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి.